అంచు కుట్టిన గుడ్డ

మొదటి నట్టు చేతి బలానికే వదిలేసింది, అది అతనికి నచ్చలేదు. ఫిల్టరు మెడ మీద నట్టు అంత తేలిగ్గా వదలకూడదు, కాస్త మొరాయించాలి, స్పానర్ వేసి ఒంటి బరువంతా మోపితే అప్పుడు కిర్రుమనాలి, అడిగిందే తడవుగా వచ్చేసిందంటే బిగించినవాడు తొందరలో ఉన్నాడన్నమాట. బిగించింది తమ్ముడు. వాడికి ఆ రోజు తొందరెందుకో తనకు తెలుసు, తెలిసిందే కదా, మళ్లీ తవ్వుకోవటమెందుకు, ముందు రెండో నట్టు చూడు. రెండోదీ అంతే. మెడ చుట్టూ చెమ్మ, చెమ్మ ఆరిన చోట తెల్లటి పొక్కు, అంటే నీళ్లు లోపల్నుంచి గట్టిగా తోసుకొచ్చాయి, బయటికి పోయే దారి దొరక్క ఇక్కడ చిమ్మాయి. ఎందుకు దొరకలేదు? అతను ఆ ప్రశ్నని స్పానర్‌తో పాటు పక్కన పెట్టాడు. మోటారు గది క్లబ్బు నేలమాళిగలో ఉంది, నెత్తి మీద ఈత కొలను, గోడల్లోంచి దిగిన గొట్టాలు, మూలన పొడి డబ్బాలు, క్లోరిన్ ఘాటు. ఈ ఘాటు అతని చొక్కాల్లోంచి ఎన్నిసార్లు ఉతికినా పోదు, పెళ్లైన కొత్తలో భార్య "నీ పక్కన పడుకుంటే ఆస్పత్రి మంచం మీద పడుకున్నట్టుంది" అని ముక్కు మూసుకునేది, ఇప్పుడు అనటం మానేసింది, మరి వాసన తగ్గిందా ముక్కు మొద్దుబారిందా అని అడిగితే నవ్వేసి ఊరుకుంటుంది. పైన ఇవాళ చప్పుడే లేదు. మామూలుగా ఈ వేళకి పిల్లలు దూకే చప్పుడు కప్పులోంచి దబదబా వినిపిస్తూ ఉంటుంది, ఎన్నోసార్లు విసుక్కున్నాడు, నెత్తిన పడతారేమో వెధవలు అని. ఇవాళ పడితే బాగుండుననిపించింది.

పైన తాడు కట్టేశారు. మొన్న పొద్దున లెక్కల మాస్టారు అందులో చనిపోయారు. రిటైరైన మాస్టారు, రోజూ అందరికంటే ముందు వచ్చేవారు, నల్లటి రబ్బరు టోపీ, టోపీ కింద చెవుల పక్కన తెల్లటి కుచ్చులు, దిగేముందు నీళ్లకేసి వంగి "ఏం, ఇవాళ కూడా మోస్తావా?" అని అడిగేవారు. ఒకసారి తను వల వేసి ఆకులు తీస్తుంటే పిలిచి, ఈ కొలనులో నీళ్లు ఎన్ని బిందెలో చెప్పగలవా అని అడిగారు, తెలీదండీ అంటే నాకూ తెలీదయ్యా, అందుకే అడిగాను అని పకపకా నవ్వారు. అలాంటి మనిషి కాలు పట్టేసిందో కళ్లు తిరిగాయో మునిగారు, అడుగుకి చేరారు, అక్కడే ఉండిపోయారు. ఒడ్డున కుర్చీలో లైఫ్‌గార్డు పిల్ల ఉంది, మెళ్లో విజిల్ ఉంది, ఈత బ్రహ్మాండంగా వచ్చు, అన్నీ ఉన్నాయి. ఇంకాస్త ముందు పైకి తీసుంటే బతికేవాడని డాక్టరు అన్నాడట, ఆ ఒక్క మాట చాలు కదా. పిల్ల అప్పట్నుంచీ ఒకటే అంటోంది, అడుగు కనపళ్లేదు సార్, నీళ్లు మసగ్గా ఉన్నాయి సార్, ముందే చెప్పాను కదా సార్. మేనేజరేమో ఫోన్ చూసుకుంటూ కూర్చుందని రాసిచ్చేశాడు. ఆ మేనేజరే పొద్దున అతన్ని పిలిపించి, కుర్చీ కూడా చూపించకుండా, "రేపు పొద్దున పోలీసులూ ఇన్‌స్పెక్టరూ వచ్చి నీళ్లు చూస్తారంట. ఫిల్టరు విప్పి, కడిగి, మళ్లీ బిగించెయ్. రాత్రంతా నడిపిద్దాం. నీళ్లు అద్దంలా ఉండాలి, అర్థమైందా? అడుగున సూది పడ్డా కనపడాలి" అన్నాడు. రోజూ చేయించే పనే చెప్పినట్టు మామూలుగా అన్నాడు. అర్థమైంది. అర్థం కానట్టు మెట్లు దిగి వచ్చాడు.

నట్లన్నీ వచ్చేశాయి, ఇక ఇసుక ట్యాంకు మీది వాల్వు తల లేపాలి. రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కదిపాడు, రబ్బరు రింగు పట్టు వదలటానికి. ఇది బాలింతకి బట్టలు మార్చినంత నెమ్మదిగా చెయ్యాలని తనే తమ్ముడికి నేర్పాడు, లాగితే మధ్య గొట్టం కూడా కదులుతుంది, అది కదిలితే అడుగున ఇసుకలో పరుచుకున్న సన్నటి గొట్టాలు పుటుక్కుమంటాయి, అప్పుడు ఇసుకంతా కొలనులోకే. వాల్వు లేచింది. లేస్తూ లేస్తూ దాని కింద ఏదో పట్టుకుని రానన్నట్టు గుంజింది. వంగి చూశాడు. మధ్య గొట్టం మూతిలో గుడ్డ. గొట్టంలోంచి సగం పైకి వచ్చి, వాల్వు నోట్లో చిక్కుకుని, నలిగి, బురద రంగుకి తిరిగిన గుడ్డ. కాసేపు అతను దాన్ని చూడలేదు, అంటే కళ్లు చూశాయి, తను చూడలేదు. ఇసుక పోసేటప్పుడు గొట్టంలో పడకుండా మూతికి గుడ్డ కుక్కుతారు, ఇసుక పోయటం అయిపోయాక ఆ గుడ్డ తీసేసి, అప్పుడు వాల్వు పెడతారు, ఇది వాళ్ల పనిలో అ ఆ ల లాంటిది. తియ్యకుండా పెడితే ఏమవుతుందో ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే ఎప్పుడూ ఎవరూ తియ్యకుండా పెట్టలేదు. ఏమవుతుందంటే ఇదవుతుంది. ఇసుకలో వడకట్టుకున్న నీళ్లు పైకి వెళ్లటానికి ఆ ఒక్క గొట్టమే దారి, దారికి అడ్డంగా గుడ్డ, బొట్లు బొట్లుగా తప్ప కొలనులోకి మంచినీళ్లు పోవు, మురికి మురికిగానే ఉంటుంది, రోజురోజుకీ ఇంకాస్త మసక, ఇంకాస్త మసక, చివరికి ఓ పొద్దున మనిషి పడుకున్నా కనపడనంత మసక.

వేరే ఎవరిదైనా కావచ్చు కదా. ఎవరిదైనా. అతను మోకాళ్ల మీద కూర్చుని, రెండు వేళ్లతో గుడ్డ కొస పట్టుకుని బొటనవేలితో రుద్దాడు. బురద కింద నీలం. నీలం మీద తెల్ల చుక్క. కొసన, మడిచి కుట్టిన అంచు, పొట్టి పొట్టి కుట్లు, దగ్గర దగ్గరగా. ఇక వేరే ఎవరిదీ కాదు. ఊళ్లో ఫిల్టర్లు విప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లంతా చేతికందిన పాత బనీనో గోనె ముక్కో కుక్కుతారు, గుడ్డకి అంచు కుట్టి కుక్కేది ఈ ఇంటివాళ్లొక్కరే. ఒకసారి చిరుగు గుడ్డలోంచి దారాలు ఊడి మోటారు చక్రానికి చుట్టుకుని అది కాలిపోయింది, అన్నదమ్ములిద్దరూ తలలు పట్టుకుని ఇంటికొస్తే అమ్మ సంగతంతా విని, మీ తెలివి తెల్లారినట్టే ఉంది, గుడ్డకి అంచు ఉంటే దారం ఎందుకు ఊడుతుందిరా అని తిట్టి, ఆ రోజు నుంచీ ఇంట్లో పాతబడిన ప్రతి బట్టనీ చించి, నాలుగు వైపులా కుట్టి, మడతపెట్టి సంచిలో వేసి ఇచ్చేది. చూపు తగ్గాక కూడా తడుముకుంటూ కుట్టేది. ఇది దుప్పటి. నీలం దుప్పటి, తెల్ల చుక్కలు, దీని కిందే ఇద్దరూ పడుకునేవాళ్లు, ఇంట్లో తను పెద్దోడు, వాడు చిన్నోడు, ఇప్పటికీ అంతే, వాడికి తల నెరుస్తున్నా చిన్నోడే. చిన్నోడికి చీకటంటే భయం, దీపం తీసేయగానే దుప్పటి కింద నుంచి "అన్నా, ఉన్నావా?" అనేవాడు, ఉన్నాన్రా అనాలి, అంటేనే పడుకుంటాడు, కాసేపాగి మళ్లీ "ఉన్నావా?" అనేవాడు, ఎక్కడికి పోతాన్రా నీ మొహం అని ఒక్కటిచ్చేవాడు, అప్పుడు వాడికి నమ్మకం కుదిరేది, నిద్రపోయేవాడు.

ఆ రోజు ఫోన్ చేసింది తనే. ఆస్పత్రి వరండాలో నిలబడి చేశాడు, చిన్నోడా, ఉన్నపళంగా వచ్చెయ్, అమ్మ నిన్ను అడుగుతోంది అన్నాడు, అవతల ఇసుక బస్తా జారుతున్న చప్పుడు, ఆ చప్పుడు ఇప్పుడు చెవిలో మళ్లీ వినిపిస్తోంది, అంటే అప్పుడు వాడు ఇక్కడే, ఈ గదిలో, సరిగ్గా తను కూర్చున్న చోటే నిలబడి, చేతిలో బస్తా, చెవికీ భుజానికీ మధ్య ఫోను. వస్తున్నానన్నా అన్నాడు. వచ్చాడు. జుట్టులో ఇసుక, చెప్పుల్లో ఇసుక, అమ్మ వాడి తల నిమిరి ఏంట్రా ఇది అన్నట్టు చూసింది, అదే ఆఖరి చూపు. మామూలుగా ఇసుక మార్చిన మర్నాడు వెళ్లి చూసి రావాలి, ఒత్తిడి మీటరులో ముల్లు ఎక్కడుంది, నీళ్లు ఎంత ఒత్తిడిగా వస్తున్నాయి, అది వాళ్లిద్దరి మధ్యా రాతకోతల్లేని ఒప్పందం, ఆ మర్నాడు ఎవరు వెళ్తారు, ఇంట్లో శవం ఉంది. వరండాలో వాడు ఏదో అన్నాడు కూడా, మోటారు వెయ్యొద్దని చెప్పి వచ్చానన్నా, పని సగంలో ఉంది అని. అన్నాడా? నిజంగా అన్నాడా, లేక ఇప్పుడీ గుడ్డని చూశాక తనే వాడి నోట్లో ఆ మాట పెడుతున్నాడా? ఎంత గట్టిగా గుర్తు చేసుకుంటే అంత గట్టిగా అన్నట్టే ఉంది, అందుకే నమ్మబుద్ధి కావట్లేదు.

జేబులో ఫోను మోగింది. బటన్ల ఫోను, చూడక్కర్లేదు, వాడే. ఇంట్లో చెప్పే వచ్చాడు క్లబ్బుకి వెళ్తున్నానని, విన్నప్పుడు వాడు తల ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. ఈలోగా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, అతను ఆపమనలేదు, అవి అడగలేదు. గుడ్డని మెల్లగా బయటికి లాగి బకెట్ అంచున వేశాయి. రబ్బరు రింగు తీసి తుడిచాయి, గాడిలో ఇరుక్కున్న ఇసుక రేణువుల్ని పుల్లతో గీకాయి, వేలి కొసన గ్రీజు తీసుకుని రింగు చుట్టూ రాశాయి, పసిపిల్లకి కాటుక పెట్టినంత శ్రద్ధగా. ట్యాంకులో ఇసుక పైన చిక్కటి పొర కట్టింది, ఒంటి జిడ్డు, నూనె, వెంట్రుకలు, ఎవరో పిల్లాడి మోకాలి బ్యాండేజీ, అన్నీ కలిసి గట్టిపడిన పెచ్చు. ఈ పొరని అరచేత్తో తీసి బకెట్లో వెయ్యాలి, తీస్తున్నాడు. నల్ల వెంట్రుకలే ఎక్కువ. ఒకటి తెల్లది. పొట్టిది. చాలామందికి తెల్ల వెంట్రుకలు ఉంటాయి, అమ్మకి కూడా ఉండేవి, తనకి కూడా ఉన్నాయి. అతను చెయ్యి ఆపి, ఆ వెంట్రుకని ఎక్కడ పెట్టాలో తెలీక, వేలికి అంటుకున్న దాన్ని అలాగే చూస్తూ కూర్చున్నాడు. ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు రాలేదు ఇంత ఏడుపు.

మెట్ల మీద చప్పుడైతే గభాలున మొహం తుడుచుకున్నాడు, మొహానికి బురద అంటింది. మేనేజరు కాదు. లైఫ్‌గార్డు పిల్ల, చేతిలో మడత పెట్టిన యూనిఫారం, దాని మీద విజిల్.

"ఇవి ఇచ్చెయ్యమన్నారు అంకుల్. పైన ఎవరూ తీసుకోవట్లేదు. ఇక్కడ పెట్టనా?"

పెట్టమ్మా అన్నాడు. ఆ అమ్మాయి డబ్బాల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి, చిన్నపిల్ల, తన కూతురికంటే చిన్నదేమో.

"అంకుల్, ఒకటి అడగనా? ముల్లు ఎర్రగీత దాకా వెళ్తే ఏమవుతుంది? నేను సార్‌కి చెప్పాను. ఏం కాదు, పొడి ఎక్కువెయ్ అన్నారు."

అతను బకెట్‌కి అడ్డంగా జరిగాడు. తెలిసే జరిగాడు.

"మళ్లీ మళ్లీ తలుచుకుంటున్నా," అంది ఆ పిల్ల, "అడుగు కనపళ్లేదని అందరికీ చెప్తున్నాను. రాత్రి పడుకున్నాక అనిపిస్తోంది అంకుల్, నిజంగానే కనపళ్లేదా, నేనే చూళ్లేదా అని. ఫోన్ చూశానేమో. చూడలేదు, బ్యాగులో ఉంది. కానీ చూశానేమో. అందరూ అదే అంటుంటే నాకే తెలియట్లేదు. రేపు నన్ను కూడా రమ్మన్నారు. నీళ్లు చూపిస్తారంట."

ఆమె వెళ్లిపోయింది. మెట్లెక్కే చప్పుడు ఆగాక కూడా అతను అలాగే బకెట్‌కి అడ్డంగా ఉన్నాడు. రేపు పొద్దున ఎలా ఉంటుందో అతనికి కళ్లకి కట్టినట్టు కనిపించింది, ఎందుకంటే ఆ పొద్దుటిని తయారు చేస్తున్నది తనే. గుడ్డ తీసేశాడు, రింగు తుడిచాడు, ఇసుక కడుగుతాడు, రాత్రంతా మోటారు నడుస్తుంది, తెల్లారేసరికి నీళ్లు తేటపడతాయి, అతని పనికి ఎవరూ వంక పెట్టలేరు, ఒక్కో పలకా, పలకకీ పలకకీ మధ్య గీతా, అన్నీ కనపడతాయి. అందరూ ఒడ్డున నిలబడతారు. ఏమ్మా, కనపడుతోందా అంటారు. ఆ పిల్ల వంగి చూస్తుంది. కనపడుతోంది సార్ అంటుంది. ఇక అంతే, ఎవరూ ఏమీ అనక్కర్లేదు, ఆ క్షణం నుంచి తనే చంపానని నమ్మేస్తుంది, జైలుకెళ్లినా వెళ్లకపోయినా, ముసలిదైపోయేదాకా ఏ నీళ్లు చూసినా అడుగు చూస్తుంది. ఒక మనిషి చేత తను చెయ్యని పని చేశానని నమ్మించటానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు, దానికి మేస్త్రీ తను.

మరి చిన్నోడు? వాడి పిల్లలు? వాడికి ఇంకా తెలీదు, తెలీదు గనకే అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు, తెలిసిన రోజున వాడికి అమ్మ చావుకి మాస్టారి చావు ముడిపడిపోతుంది, ఒక ఫోను కాల్లో రెండూ ఉంటాయి, అమ్మని తలుచుకోవటానికి కూడా వీల్లేకుండా పోతుంది. వాణ్ని పట్టుకెళ్తారు. తల్లి చచ్చిపోతోందండీ, పరిగెత్తాడండీ అంటే వినేవాడు ఎవడు? వింటారేమో. వినకపోతారేమో. తను వాణ్ని ఈ పనిలోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు, ఆ చేత్తోనే పట్టివ్వాలా? ఛీ. గుడ్డ జేబులో పెట్టుకుని ఇంటికెళ్తే అయిపోతుంది, ఒక జానెడు గుడ్డ, కాల్చేస్తే పొయ్యిలో గుప్పెడు బూడిద కూడా రాదు. మేనేజరు సంతోషిస్తాడు, తమ్ముడు నిద్రపోతాడు, అతనూ నిద్రపోతాడా? పోతాడు, మనిషి దేనికైనా అలవాటు పడతాడు, క్లోరిన్ వాసనకి పడలేదూ. దానికే భయమేసింది అతనికి. నిద్ర పట్టదని కాదు, పడుతుందని.

పోనీ గుడ్డ తీసుకెళ్లి చూపిస్తే? ఎక్కడ దొరికిందో ఏమిటో, ఏ చెత్తలోంచి తెచ్చావో అంటాడు మేనేజరు, చేత్తో పట్టుకుపోతే ఉత్త గుడ్డే అది, దాని చోట ఉంటేనే అది సాక్ష్యం. ఫోను మళ్లీ మోగింది, మళ్లీ ఆగింది. అతను బకెట్ ముందుకి లాక్కున్నాడు. తీసిన పెచ్చునంతా దోసిళ్లతో ఎత్తి ఇసుక మీద వేశాడు, వెంట్రుకలు, బ్యాండేజీ, తెల్ల వెంట్రుక కూడా. ఆరిపోయిన గుడ్డని ట్యాంకులో మిగిలిన కొలను నీళ్లలోనే తడిపాడు. అంచు తడిమాడు, కుట్లు వేలికి తగిలాయి, ఒకచోట కుట్టు పక్కకి పోయింది, అమ్మకి అప్పటికే చూపు తగ్గింది. గొట్టం మూతిలోకి కుక్కాడు, సగం పైకి ఉండేలా, ఎలా దొరికిందో అలాగే. ఇన్నేళ్లలో ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ ఫిల్టరు బిగించలేదు. రింగుకి మాత్రం మళ్లీ బురద పూయటానికి చేతులు రాలేదు, శుభ్రంగానే పెట్టాడు, అడిగితే చెప్తాడు. వాల్వు దించాడు. నట్లు ఒకదానికెదురు ఒకటి, కొంచెం కొంచెంగా, ఒంటి బరువు మోపి, కిర్రుమనేదాకా బిగించాడు.

"అయిందా?" మెట్ల పైనుంచి మేనేజరు గొంతు. కిందికి రాడు, బూట్లు తడుస్తాయి.

"బిగించాను సార్."

"తెల్లారేసరికి అద్దంలా ఉండాలి."

"రేపు నేను కూడా వస్తాను సార్," అన్నాడు అతను. మంచిది, మంచిది అంటూ ఆ గొంతు వెళ్లిపోయింది. మోటారు మీట నొక్కాడు. గది మొత్తం గుయ్యిమంది, గొట్టాలు ఒళ్లు విరుచుకున్నాయి, ముల్లు పచ్చగీత దాటింది, పసుపు దాటింది, ఎర్రగీత మీదికి వెళ్లి అక్కడ సన్నగా వణుకుతూ నిలబడింది. అతను దాన్నే చూస్తూ ఫోను తీసి నొక్కాడు.

"ఏంటన్నా, ఎన్నిసార్లు చెయ్యాలి?" చిన్నోడి గొంతు. "వదిన కంగారు పడుతోంది, భోజనానికి కూడా రాలేదంట."

"క్లబ్బులోనే ఉన్నాన్రా."

"విప్పావా?"

"విప్పాను. బిగించాను."

"బాగానే ఉందిగా లోపల?"

ఎన్ని రకాలుగానో చెప్పొచ్చనుకున్నాడు, నోట్లోకి ఒక్కటే వచ్చింది. "నీలం గుడ్డ ఉందిరా. గొట్టంలో. అమ్మ కుట్టింది."

చిన్నోడు గొంతు తగ్గించి, "తీసేశావుగా?"

"లేదు. ఉన్నచోటే ఉంది."

"తీసెయ్యన్నా." వాడికి అర్థం కావటానికి ఎంతోసేపు పట్టలేదు, పని తెలిసినవాడు, నీళ్లూ మసకా మాస్టారూ అన్నీ ఒక్కసారే అర్థమై ఉంటాయి. "అన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను, తీసెయ్. నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు? తీసి కడిగెయ్యన్నా. అమ్మ కోసం పరిగెత్తానన్నా నేను, నువ్వే కదా రమ్మన్నావు, నువ్వే కదా..."

"నేనే రమ్మన్నాను."

మోటారు మోత, ఫోనులో వాడి ఏడుపు, రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియట్లేదు. అతను ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. చాలాసేపటికి, దుప్పటి కింద నుంచి వచ్చినట్టు, చిన్న గొంతు.

"అన్నా, ఉన్నావా?"

"ఉన్నాన్రా," అన్నాడు అతను. "రేపు పొద్దున్నే రా. పోలీసులొస్తారు, వాళ్ల ముందు నువ్వే విప్పాలి. స్పానర్లు నేను తెస్తాను."